మా బావగారు మరచిపోలేదు

మా బావగారు పాస్‌వర్డ్ మరచిపోలేదు. ఈ సంగతి మొట్టమొదటే స్పష్టం చేయమని మా అత్తగారు ఆదేశించారు కనక చేస్తున్నాను. ఆయన మరచిపోయే మనిషి కాదు. పదహారేళ్ళ కిందట నా పెళ్ళిలో తనకు ఎన్నో వరసలో కుర్చీ వేశారో ఆయనకు ఈనాటికీ జ్ఞాపకం. అలాంటి మనిషి పట్టుమని పది అక్షరాలు మరచిపోయారంటే నమ్మేవాళ్ళు నమ్మవచ్చు. వాస్తవం ఏమిటంటే, సదరు పాస్‌వర్డ్ కొంతకాలంగా ఆయనకు అందుబాటులో లేదు.

మేము పై అంతస్తులో ఉంటాం. కింది అంతస్తులో బావగారు, మా అక్కయ్య అంటే నా పెద్ద తోడికోడలు, పదో తరగతి చదివే వాళ్ళమ్మాయి, అత్తగారు ఉంటారు. బావగారు నీటి సరఫరా కార్యాలయంలో కొత్త కొళాయిల విభాగానికి అధికారి. ఆ విభాగానికి వచ్చిన ప్రతి దరఖాస్తూ పరిశీలనలో ఉంటుంది. పరిశీలన పూర్తయ్యేలోపు కొందరు ఇల్లు మారిపోతారు, కొందరు బావి తవ్వించుకుంటారు. ఎలా చూసినా సమస్య పరిష్కారమైనట్టే కనక పై అధికారులు ఆయనకు రెండుసార్లు ప్రశంసాపత్రం ఇచ్చారు. రెండూ ముందు గదిలో గోడకు తగిలించి ఉన్నాయి. వాటి కింద బల్ల మీద కంప్యూటర్ ఉంది.

నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం బావగారు పేపర్లో కంప్యూటర్ల వల్ల కుటుంబాలకు కలిగే ప్రమాదాల గురించి ఒక వ్యాసం చదివారు. సగం చదివేసరికే ఆయన ముఖం గంభీరంగా మారింది. సాయంత్రం మా అందరినీ కింద సమావేశపరిచి ఒక ప్రసంగం చేశారు.

"ఇవాళ్టి నుంచి ఈ కంప్యూటర్‌కి నేను అడ్మినిస్ట్రేటర్‌ని. మీరంతా మామూలు సభ్యులు. తెరుచుకోండి, చదువుకోండి, రాసుకోండి, కాదనను. కానీ ఇందులోకి కొత్తది ఏది రావాలన్నా నా చేతి మీదుగా రావాలి. ఇది పెత్తనం కాదు. బాధ్యత. రేపు ఏదన్నా జరిగితే అడిగేది మిమ్మల్ని కాదు, నన్ను."

ఎవరు అడుగుతారో ఎవరమూ అడగలేదు. తరవాత ఆయన మా అందరినీ గోడవైపు తిరిగి నిలబడమన్నారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు కనక ఆమెకు మాత్రం గోడవైపు తిరిగి కూర్చునే వెసులుబాటు కల్పించారు. మా వెనక పది పన్నెండు టకటకలు వినిపించాయి. మళ్ళీ ఇటు తిరిగేసరికి మా ఇల్లు సురక్షితమైపోయింది.

ఆ నాలుగేళ్ళలో పరిపాలన ఎంత పకడ్బందీగా సాగిందో చెప్పాలి. వాళ్ళమ్మాయి బొమ్మలు వేసుకునే ప్రోగ్రాం అడిగింది. ముందు చదువు సంగతి చూడమన్నారు. అత్తగారు తెర మీద అక్షరాలు పెద్దవిగా కనిపించే సదుపాయం ఏదో ఉందట కదా అన్నారు. అలవాటైతే కళ్ళు బద్ధకిస్తాయన్నారు. మా ఆయన పైనుంచి దిగివచ్చి చదరంగం అడిగారు. పనిలేనివాళ్ళ ఆట అన్నారు. అక్కయ్య నిఘంటువు అడిగింది. అలమారలో లావుపాటిది ఉంది కదా అన్నారు. నాలుగేళ్ళలో ఆ కంప్యూటర్‌లోకి ఒక్క వైరస్ రాలేదు. నిజానికి మరేదీ రాలేదు.

ఇక అక్కయ్య సంగతి. ఆమె ఒకప్పుడు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. పదకొండేళ్ళు దిద్దింది. పిల్ల ఒకటో తరగతిలో ఉండగా జబ్బుపడితే రెండు నెలలు సెలవు పెట్టమన్నారు. ఆ రెండు నెలలు ఈ మధ్యనే తొమ్మిదేళ్ళు నిండాయి. తప్పులు పట్టడం ఆమె వృత్తి అయినా ఇంట్లో ఆ విద్యను ఏనాడూ ప్రదర్శించలేదు. మందుసీసాల మీద చీటీల్లో, పెళ్ళి శుభలేఖల్లో మాత్రం పెన్సిలుతో దిద్దుకునేది.

ఒక ప్రచురణ సంస్థవాళ్ళు ఇంటి నుంచే ప్రూఫులు దిద్దడానికి ఇద్దరు కావాలని ప్రకటించారు. వయసు నలభై అయిదు దాటకూడదు. అక్కయ్యకు వచ్చే నెలలో నలభై అయిదు నిండుతాయి. అంటే ఇది తప్పితే మరొకటి లేదు. ఆమె దరఖాస్తు పెట్టింది. మూడు నెలలు పొయ్యి దగ్గర పుస్తకం ఆనించుకుని చదివింది. పరీక్ష సోమవారం పదకొండు గంటలకు, ఇంట్లోనే, కంప్యూటర్ మీద. శుక్రవారం ఆ సంస్థ నుంచి ఒక ప్రోగ్రాం వచ్చింది. దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించుకుంటే అది కెమెరాలోంచి పరీక్ష రాసేవాళ్ళను కనిపెట్టుకుని ఉంటుందట. దరఖాస్తులో నమోదు చేసిన కంప్యూటర్ మీదే రాయాలి, మరొక దాని మీద చెల్లదు. అక్కయ్య దాన్ని నొక్కింది. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఇమ్మని తెర అడిగింది.

బావగారు అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి కాఫీ తాగుతున్నారు. నేను పప్పుగిన్నె తిరిగి ఇవ్వడానికి కిందికి వెళ్ళి అక్కడే ఉన్నాను.

"ఏవండీ, ఒక్కసారి ఆ పాస్‌వర్డ్ కొట్టి పెట్టండి. సోమవారం పరీక్షకి ఇది ఎక్కించాలట" అంది అక్కయ్య.

బావగారు కప్పు కింద పెట్టారు. "ఏమిటది? ఎవరు పంపారు? దాని ఉద్దేశం ఏమిటి?"

"పరీక్షవాళ్ళు పంపారు. ఉద్దేశం పరీక్షేనండీ."

"ఇలా నోటిమాటగా చెబితే ఎలా? కాగితం మీద వివరంగా రాసివ్వు. చూస్తాను."

అక్కయ్య కాగితం మీద రాసి ఇచ్చింది. చుట్టూ మార్జిన్లు వదిలి, ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. బావగారు మూలన 'పరిశీలించవలెను' అని రాసి, పొట్టి సంతకం చేసి, గాజు బరువు కింద పెట్టారు. శనివారం పొద్దున్న ఆమె మళ్ళీ అడిగింది. పరిశీలనలో ఉందని సమాధానం వచ్చింది. ఆయన నిష్పక్షపాత బుద్ధికి ఇది మచ్చుతునక. సొంత భార్య కదా అని కొళాయి కోసం వచ్చిన వాళ్ళకంటే ఒక్క అడుగు ముందు నిలబెట్టలేదు.

శనివారం మధ్యాహ్నం బావగారు ముందు గది తలుపు గడియ వేసుకున్నారు. మేము వంటింట్లో ఉన్నాం. లోపల్నుంచి టకటకమని చప్పుడు, తరవాత నిశ్శబ్దం, మళ్ళీ చప్పుడు, మళ్ళీ నిశ్శబ్దం. నలభై నిమిషాల తరవాత ఆయన వీపుకు అంటుకుపోయిన చొక్కాతో బయటికి వచ్చారు.

"కంప్యూటర్‌కి కాస్త విశ్రాంతి కావాలి" అన్నారు.

ఇందులో అబద్ధం లేదు. అయిదుసార్లు తప్పు కొట్టినందువల్ల అరగంట పాటు ఇంకెవరూ తనను తాకకూడదని కంప్యూటరే ప్రకటించుకుంది. వాళ్ళమ్మాయి వెళ్ళి తెర చూసింది.

"నాన్నా, ఇక్కడ గుర్తుకోసం అని ఒక మాట కనిపిస్తోంది. పాస్‌వర్డ్ పెట్టినప్పుడు నువ్వు రాసుకున్నదే. మర్చిపోతే జ్ఞాపకం రావడానికి."

"ఏముంది?" అంది అక్కయ్య ఆశగా.

"నాకు తెలుసు."

"తెలిస్తే చెప్పవే."

"అది కాదమ్మా. అక్కడ రాసి ఉన్నదే అది. 'నాకు తెలుసు' అని."

బావగారు కిటికీ అవతలికి చూశారు. ముందుచూపుతో రాసుకున్న మాట అది. దొంగ చేతిలో పడితే వాడికి ఒక్క అక్షరం కూడా దొరకదు. ఆయనకు కూడా దొరకలేదన్నది తరవాతి సంగతి.

ఆ సాయంత్రం కుటుంబం యావత్తూ మళ్ళీ సమావేశమైంది. ప్రతి అరగంటకు అయిదు ప్రయత్నాలకు అవకాశం ఉంది కనక ఎవరి సూచన ఎప్పుడు కొట్టి చూడాలో మా ఆయన కాగితం మీద పట్టిక గీశారు. మొదటి అవకాశం వయసు రీత్యా అత్తగారికి దక్కింది.

"ఇందులో ఆలోచించేదేముంది? నా పేరే పెట్టి ఉంటాడు. పలక మీద అక్షరాలు దిద్దినప్పుడే వాడు నా పేరు రాశాడు" అన్నారు ఆమె.

కొట్టి చూశారు. కాదు. ఆమె ఇంటిపేరు కలిపి చూశారు. కాదు. పుట్టిన సంవత్సరం కలిపి చూశారు. అత్తగారు లేచి తన గదిలోకి వెళ్ళి అరగంట పాటు ఎవరితోనూ మాట్లాడలేదు. తరవాత కూతురి పేరు. అదీ కాదు. "అయితే నాదీ కాదన్నమాట" అని వాళ్ళమ్మాయి గోళ్ళు చూసుకుంది. మా ఆయన ఎంతో నమ్మకంతో తమ్ముడి పేరు, అంటే తన పేరే, సూచించారు. దాని తరవాత ఆయన కూడా కాస్త ముభావంగా ఉన్నారు. బావగారి హోదా, ఆఫీసు గది నంబరు, మొదటి ప్రశంసాపత్రం తేదీ, రెండో ప్రశంసాపత్రం తేదీ వరసగా ప్రయత్నించారు. కంప్యూటర్ దేనికీ చలించలేదు.

అప్పుడు వాళ్ళమ్మాయి అంది. "అమ్మ పేరు కొట్టలేదేం?"

అందరం ఫ్యాన్ వైపు చూశాం.

"అది కాదు" అన్నారు బావగారు.

"చూడకుండా ఎలా తెలుసు?"

"అది కాదని మాత్రం నాకు గట్టిగా గుర్తుంది."

మా అత్తగారు గది గుమ్మంలోంచి నావైపు తృప్తిగా చూశారు. కొడుకు జ్ఞాపకశక్తిని శంకించిన వాళ్ళకు ఇంతకంటే రుజువు ఏం కావాలి? అక్కయ్య మూలన కూర్చుని పాత ప్రశ్నపత్రంలో తప్పులు గుర్తిస్తోంది. తల ఎత్తకుండానే, "పోనీలెండి, ఆ పేరు మీద ఒక ప్రయత్నం దండగ చేయకండి" అని పేజీ తిప్పింది.

వాళ్ళమ్మాయికి పదో తరగతి వల్ల కొంత తర్కం అబ్బింది. "ఆఖరుసారి ఎప్పుడు కొట్టావు నాన్నా? ఏ పనికి? అది గుర్తొస్తే ఇది గుర్తొస్తుందేమో."

బావగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. చాలాసేపు ఆలోచించారు.

"అంటే, పెట్టిన రోజున కొట్టాను."

"తరవాత?"

"తరవాత అవసరం ఏం వచ్చింది? నన్నడిగినవేవీ నేను ఒప్పుకోలేదుగా."

నాలుగేళ్ళలో బొమ్మలు, చదరంగం, నిఘంటువు, పెద్ద అక్షరాలు, ఇంకా ఎన్నో ఆయన దగ్గరికి వచ్చి వెళ్ళాయి. అన్నిటినీ ఆయన నోటితోనే పంపించేశారు. వద్దనడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. సరేననడానికే కావాలి. ఆ మాట ఆయన జీవితంలో మొదటిసారి అనవలసి వచ్చింది, అదీ సోమవారం పదకొండు గంటల్లోపు.

బజారులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది, అక్కడ ఇలాంటివి ఇట్టే తెరుస్తారని మా ఆయన చెప్పారు. బావగారు తీవ్రంగా అభ్యంతరపెట్టారు. "ఇంటి గుట్టు తీసుకెళ్ళి బజార్లో పెడతామా? ఇన్నేళ్ళు కాపాడింది దీనికా? ఒక్కరోజు ఆగండి. నా వేళ్ళకు గుర్తుంటుంది" అన్నారు. ఎలాగూ మర్నాడు ఆదివారం, కొట్టు తెరవరు కనక ఆయన వేళ్ళకు ఒక రోజు గడువు లభించింది.

ఆదివారం నాటి కార్యక్రమం ఇలా జరిగింది. మనసు మరచినా శరీరం మరవదని, ఆనాటి పరిస్థితులను ఉన్నవి ఉన్నట్టు మళ్ళీ కల్పిస్తే చేతులు వాటంతట అవే పని చేస్తాయని బావగారు తీర్మానించారు. నాలుగేళ్ళనాటి చొక్కా వెతికి తీయించారు. బొత్తాలు పొట్ట దగ్గర కలవకపోయినా తొడుక్కున్నారు. మా అందరినీ ఆనాటి వరసలోనే గోడవైపు తిరిగి నిలబడమన్నారు. అత్తగారిని కూర్చోబెట్టారు. తాను నిలబడి ఆనాటి ప్రసంగాన్ని, "ఇది పెత్తనం కాదు, బాధ్యత" అన్న చోటు దాకా, మళ్ళీ చేశారు. మేము గోడను చూస్తూ విన్నాం. ఆ గోడకు సున్నం పెచ్చులు ఊడుతున్నాయని నేను అప్పుడే గమనించాను. నా పక్కన అక్కయ్య పుస్తకం గోడకు ఆనించుకుని చదువుకుంటోంది. వెనక టకటకలు. నిశ్శబ్దం. టకటకలు.

"మామూలుగా నిలబడండి. మీరు బిగుసుకుపోతే నాకు ఏకాగ్రత కుదరడం లేదు" అన్నారు బావగారు.

ఇరవై నిమిషాలు మామూలుగా నిలబడ్డాం. వేళ్ళకు కూడా గుర్తు లేదని తేలింది.

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి మా ఆయన స్కూటర్ నడపగా, వెనక కూర్చుని బావగారు కంప్యూటర్ పెట్టెను రెండు చేతులా పొదివి పట్టుకుని బయల్దేరారు. పావుగంటలో మా ఆయన నుంచి ఫోను వచ్చింది. బిల్లు కావాలట. కంప్యూటర్ కొన్న బిల్లు ఎవరి పేరున ఉంటే వాళ్ళు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలట. లేకపోతే దొంగసొత్తు కూడా తెరిచి ఇచ్చినట్టవుతుందని కొట్లో అమ్మాయి అంటోందట. బావగారు తాను అడ్మినిస్ట్రేటర్‌నని తెలియజేశారట. "అలా చెప్పేవాళ్ళే కదండీ ఇక్కడికి వచ్చేది" అన్నదట ఆ అమ్మాయి.

బావగారి బీరువాలో మూడు ఫైళ్ళు ఉంటాయి. ఒకదాని మీద 'నావి' అని, రెండోదాని మీద 'ఇంటివి' అని, మూడోదాని మీద 'ఇతరములు' అని రాసి ఉంటుంది. మొదటి రెంటిలోనూ బిల్లు లేదు. మూడోదాంట్లో అక్కయ్య డిగ్రీ పట్టా, వాళ్ళమ్మాయి బొమ్మల పోటీలో గెలిచిన కాగితాలు, అత్తగారి కళ్ళజోడు చీటీ, వాటి అడుగున కంప్యూటర్ బిల్లు ఉన్నాయి. బిల్లు మీద అక్కయ్య పేరు ఉంది. ప్రెస్సులో పని మానేసే ముందు ఏడాది ఆమె కొన్నదట. అది బావగారు తెచ్చిన కంప్యూటర్ అనే మేమంతా అనుకుంటూ వచ్చాం. అదీ నిజమే. కొట్టు నుంచి ఇంటి దాకా తెచ్చింది ఆయనే.

అక్కయ్య చెప్పులు వేసుకుంది. నేనూ వెంట వెళ్ళాను. నాలుగు వీధులు దాదాపు పరుగు మీద నడిచాం. కొట్టు చేరేసరికి పది కావడానికి పది నిమిషాలుంది. మా వెనక ఇంకా నలుగురు పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. కొట్లో అమ్మాయి బిల్లు చూసి, పెద్ద పుస్తకం మా వైపు తిప్పింది.

"ఇక్కడ సంతకం పెట్టండి మేడం."

అక్కయ్య సంతకం పెట్టేముందు చదివింది. ఏది కనపడినా చదవడం ఆమెకు అలవాటు. తేదీ ఉంది. యంత్రం వివరం ఉంది. దాని పక్కన 'మరచినవారు' అని ఒక గడి ఉంది. అందులో 'భార్య' అని రాసి ఉంది.

ఆమె కలం ఆగింది. నేనూ చూశాను. ఆ గడి పేజీ పొడుగునా పైనుంచి కింది దాకా ఉంది. భార్య. భార్య. ఆఫీసులో అమ్మాయి. భార్య. అమ్మ. భార్య. భార్య. మా ఊళ్ళో మగవాళ్ళ జ్ఞాపకశక్తి ఎంత అమోఘమైనదో నాకు అప్పుడు తెలిసింది.

"ఇందులో ఒక తప్పుంది" అంది అక్కయ్య నెమ్మదిగా.

"సార్ చెప్పిందే రాశానండీ. 'మా ఆవిడ మర్చిపోయింది, కొంచెం మతిమరుపు' అన్నారు" అంది ఆ అమ్మాయి. బావగారు గోడ మీదున్న ధరల పట్టికను శ్రద్ధగా పరిశీలిస్తున్నారు. "దిద్దాలంటే దిద్దుతాను. కానీ మా ఓనరు కొట్టివేతలు ఒప్పుకోరు మేడం. ఈ వరస రద్దు చేసి మళ్ళీ కొత్తగా రాయాలి. అప్పుడు మీ వంతు వాళ్ళందరి తరవాత వస్తుంది."

బెంచీ మీద నలుగురూ మావైపు చూశారు. గడియారం పది దాటింది.

"ఇంత చిన్నదానికి రభస ఎందుకు?" అన్నారు బావగారు, పట్టిక మీంచి కళ్ళు తీయకుండా. "పెట్టేయ్. టైమైపోతోంది. నీకే."

పదకొండేళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి, ఎదురుగా కనిపిస్తున్న తప్పును మొదటిసారి చూసీ వదిలేసింది. కింద సంతకం పెట్టింది. అక్షరాలు గుండ్రంగా, స్పష్టంగా ఉన్నాయి.

ఆ అమ్మాయి పెట్టెకు ఏదో తగిలించి పన్నెండు నిమిషాల్లో తెరిచింది. నాలుగేళ్ళ భద్రత పన్నెండు నిమిషాలు నిలిచింది. బిల్లు ఎవరి పేరున ఉంటే వాళ్ళే అడ్మినిస్ట్రేటర్ అని చెప్పి, కొత్త పాస్‌వర్డ్ కొట్టమని అక్కయ్యను పిలిచింది. బావగారు కూడా ముందుకు వంగారు.

"మీరు అటు తిరగండి సార్" అంది ఆ అమ్మాయి. బావగారు అటు తిరిగారు.

ఇంటికి వచ్చి తీగలన్నీ తగిలించి, ప్రోగ్రాం ఎక్కించేసరికి పదకొండుకు అయిదు నిమిషాలుంది. గదిలో పరీక్ష రాసే మనిషి ఒక్కరే ఉండాలి. మరొకరు కెమెరాకు కనపడితే హెచ్చరిక. మూడో హెచ్చరికతో పరీక్ష రద్దు. ఈ నిబంధన అక్కయ్య అందరికీ చదివి వినిపించింది. బావగారు కూడా విన్నారు. కానీ నిబంధనలు మామూలు సభ్యులకు కదా. పరీక్ష మొదలైన పది నిమిషాలకు, అంతా సక్రమంగా నడుస్తోందో లేదో చూద్దామని ఆయన గదిలోకి వెళ్ళారు. 'గదిలో మరొకరు ఉన్నారు, మొదటి హెచ్చరిక' అని తెర మీద ఎర్రగా వచ్చింది. అక్కయ్య చెయ్యి ఊపింది. ఆయన వచ్చేశారు. మళ్ళీ పావుగంటకు, మొదటి హెచ్చరిక పోయిందో లేదో కనుక్కుందామని వెళ్ళారు. రెండో హెచ్చరిక వచ్చింది.

బయట నేనూ వాళ్ళమ్మాయీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయనను ఆపగలిగే హోదా మా ఇద్దరికీ లేదు. ఆయన మూడోసారి లేచారు. "ఎర్రగా వచ్చిందంటే యంత్రంలో ఏదో లోపం ఉంది, చూడాలి" అన్నారు. అప్పుడు మా అత్తగారు గుమ్మం మధ్యలో చతికిలబడ్డారు.

"ఒరే నాయనా, నాకు కళ్ళు తిరుగుతున్నాయిరా. కాస్త పక్కన కూర్చో."

"మంచినీళ్ళు తెమ్మంటానమ్మా."

"నీళ్ళు కాదురా. నువ్వు కూర్చో. నీ చెయ్యి ఇలా ఇవ్వు."

గంటన్నర పాటు ఆమె ఆ చెయ్యి వదలలేదు. మధ్యలో రెండుసార్లు ఆయన లేవబోతే రెండుసార్లూ కళ్ళు తిరిగాయి. ఒంటిగంటకు అక్కయ్య బయటికి వచ్చి పరీక్ష అయిపోయిందని చెప్పగానే అత్తగారు ఎవరి సాయమూ లేకుండా లేచి, "ఆ అక్షరాలు పెద్దవి చేసేదేదో నువ్వయినా పెట్టిస్తావా?" అని కోడలిని అడిగారు.

మూడు వారాలకు ఫలితం వచ్చింది. రెండు ఉద్యోగాల్లో ఒకటి అక్కయ్యది. ఈలోగా కంప్యూటర్‌లోకి పెద్ద అక్షరాలు వచ్చాయి, బొమ్మలు వచ్చాయి, మా ఆయనకు చదరంగం వచ్చింది. అక్కయ్యకు పాస్‌వర్డ్ మరచిపోయే తీరిక దొరకడం లేదు. రోజుకు ఒకటి రెండుసార్లయినా సరేనంటూ ఉంటుంది కనక.

ఉద్యోగం వచ్చిన సందర్భంగా ఆదివారం సాయంత్రం కింద ఇంట్లో చిన్న విందు జరిగింది. చుట్టాలు వచ్చారు. బావగారి ఆఫీసువాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే తిన్నగా బావగారి దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపి అభినందించారు. అదే మర్యాద. అక్కయ్య కనపడితే, "ఇంటి పనికి ఇబ్బంది రాదు కదమ్మా?" అని ఆప్యాయంగా అడిగారు. బావగారి పై అధికారి రెండు మాటలు మాట్లాడమని బలవంతం చేయగా బావగారు లేచి మాట్లాడారు.

"ఆడవాళ్ళను ప్రోత్సహించాలని అందరూ అంటారు. అనడం వేరు, చేయడం వేరు. సరిగ్గా పరీక్ష ముందు మా ఆవిడ పాస్‌వర్డ్ మర్చిపోయింది. నేను ఒక్కమాట అనలేదు. మానవమాత్రులం, మరుపు సహజం. నేనే స్వయంగా ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెళ్ళి తెరిపించుకొచ్చాను. పరీక్ష జరుగుతున్నంతసేపూ గుమ్మంలోంచి కదల్లేదు. కావాలంటే మా అమ్మను అడగండి."

అత్తగారు తల ఊపారు. చివరి గంటన్నర మట్టుకు అది నిజం. చప్పట్లు మోగాయి. "మీరు ఒప్పుకోబట్టే కదా సార్" అన్నారెవరో వెనకనుంచి. నేను కూడా వరసలో నిలబడి, నా వంతు వచ్చాక, "అంతా మీ చలవే బావగారూ" అని చెప్పి వచ్చాను.

వంటింట్లో అక్కయ్య ఒక్కతీ కప్పులు కడుగుతోంది. నేను గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాను.

"నువ్వూ చెప్పావా?" అంది తల తిప్పకుండా.

"చెప్పాను అక్కయ్యా."

"నీకేం వచ్చిందే? అంతా కళ్ళారా చూశావుగా."

"సాయంకాలం కాలేజీలో చేరతానని మా ఆయన్ని నాలుగు నెలల కిందట అడిగాను. చూద్దాం అంటున్నారు. బావగారు ఒక మాట చెబితే ఒప్పుకుంటారు."

అక్కయ్య కొళాయి కట్టేసింది. కడిగిన కప్పు నా చేతికిచ్చి కాసేపు నన్నే చూసింది.

"అయితే ఇంకోసారి వెళ్ళి చెప్పు. ఆ చప్పట్లలో ఆయనకు సరిగ్గా వినపడి ఉండదు" అంది.

చేతులు తుడుచుకుని వెళ్ళాను. అప్పటికే నా ముందు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు.